డెబ్బై ఒకటో నంబరు తల్లి

సాయమ్మ మీ ఇంటికి వస్తే ముందు కూర్చోదు. మీ మొహం చూస్తుంది. తర్వాత వంటింట్లోకి తొంగి చూస్తుంది. మంచం మీద ఎవరైనా ముసుగు తన్ని పడుకుని ఉంటే దుప్పటి లాగి మరీ చూస్తుంది. "ఎవలు గిది? లెవ్వుమను, ఒక్కపారి మొకం జూసి పోత" అంటుంది. గోదావరిఖనిలో మా బడికి పిల్లల్ని పంపే ఇళ్లు నూట నలభై దాకా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆమె తన కళ్లతో వెళ్లి మొహం చూడని తల్లిగాని తండ్రిగాని ఇప్పుడు ఒక్కరూ లేరు.

కొందరికి కోపం వస్తుంది. రాత్రంతా బొగ్గు బాయిలో పనిచేసి పొద్దున్నే కన్ను మూసిన మనిషిని లేపి మొహం చూస్తే ఎవరికి రాదు? "గీ ముసలమ్మకు ఏం పుట్టింది టీచర్?" అని నన్నే అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. జవాబు చెప్పాలంటే సాయమ్మ చేసిన పొరపాటుతో పాటు నేను చేసిందీ చెప్పాలి. ఏడాదిగా దాచుకున్నది చాలు, ఈరోజు చెబుతాను.

సాయమ్మ భర్త యిర్మియా బాయిలో టబ్బులకు బొగ్గు నింపే ఫిల్లరుగా చేశాడు. ఊపిరితిత్తులు పాడై డాక్టర్లు ఇక పనికి పనికిరాడని రాస్తే, ఆ ఉద్యోగం సాయమ్మకు వచ్చింది. ఆమెను ల్యాంపు రూములో వేశారు. ఇరవై నాలుగేళ్లు అక్కడే చేసింది. బాయిలోకి దిగేవాడు తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల బోర్డు మీద వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. అంతే లెక్క. ఒకడి బిళ్ల ఇంకొకడు సరదాకైనా ముట్టడు. ముట్టాడంటే రేపు ఏదైనా జరిగినప్పుడు లోపల చిక్కినవాడిని వదిలి ఇంట్లో ఉన్నవాడి కోసం వెతుకుతారు.

ఒకసారి షిఫ్టు దిగిపోయాక ఒక బిళ్ల మిగిలిందట. "వాడు వేరే దారిన ఇంటికి పోయుంటడు, బోర్డు ఖాళీ చెయ్యి" అన్నాడట పైనున్న ఆయన. సాయమ్మ చెయ్యలేదు. "బిళ్ల ఉన్నది. మనిషి లోపలున్నడు" అని ఐదు గంటలు అదే మాట మీద కూర్చుంది. చివరికి విసిగి నలుగురిని దింపితే, పాత దారిలో కాలు ఇరుక్కుని స్పృహ తప్పి పడున్నాడు ఆ మనిషి. ఇప్పటికీ క్రిస్మస్‌కు కేకు పట్టుకుని కుంటుకుంటూ సాయమ్మ ఇంటికి వస్తాడు. ఇది జరిగాక ఆమెకు బిళ్ల మీద ఉన్న నమ్మకం దేవుని వాక్యం మీద ఉన్న నమ్మకంతో సమానమైపోయింది. ఆదివారం ప్రార్థనలో పక్కవాళ్లకు వినబడేలా ఈ సంగతి సాక్ష్యం చెప్పేది.

రిటైరయ్యాక మనవరాలు లిల్లీని మా బడిలో చేర్చి, ఆ పిల్ల తరఫున బడి కమిటీలోకి వచ్చింది. మా బడిలో నెలకొకసారి, మూడో శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టాలి. మా హెడ్మాస్టరు సదానందం సారు పదకొండు గంటలకు పెట్టేవాడు. ఎనిమిది మంది వచ్చేవాళ్లు. ఆ ఎనిమిది మందినీ కూర్చోబెట్టి, రానివాళ్లకు బాధ్యత లేదని గంటసేపు తిట్టేవాడు. మొదటి మీటింగులోనే సాయమ్మ లేచి నిలబడింది.

"సారూ, పదకొండింటికి ఎవలొస్తరు? పస్టు షిఫ్టోడు బాయిల ఉంటడు. నైటు షిఫ్టోడు పండుకుంటడు. సెకండు షిఫ్టోని పెండ్లాం సద్ది కడ్తది. నీ గడియారం జూసి కాదు, బాయి సైరను ఇని పెట్టాలె మీటింగు."

సారు మొహం మాడిపోయింది గానీ మాట మాత్రం విన్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి, రెండు మీటింగులు పెట్టాం. నా జన్మలో మొదటిసారి కుర్చీలు చాలలేదు. ఊపు వచ్చిన సాయమ్మ అక్కడితో ఆగలేదు. రిటైరైన ఫిట్టరు బుచ్చన్నను పట్టుకుని, నూనె డబ్బాల రేకు కోయించి, ఇంటికొక నంబరు కొట్టించి బిళ్లలు చేయించింది. వరండాలో రెండు చెక్క బోర్డులు. ఒకదాని మీద 'ఇల్లు', రెండోదాని మీద 'బడి'. వచ్చిన తల్లిదండ్రులు తమ బిళ్ల ఇల్లు మీది నుంచి తీసి బడి మీద తగిలించాలి, పోయేటప్పుడు తిరిగి పెట్టాలి. ఏ ఇంటి బిళ్ల రెండు నెలలు కదలకపోతే ఆ ఇంటికి మేం పోవాలి. కదిలిందంటే ఆ ఇంటి గురించి దిగులు లేదు.

ఆ ఏడు నూట పది బిళ్లలు కదిలాయి. విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు బోర్డుల ముందు నిలబడి ఫోటోలు దిగారు. మెచ్చుకుంటూ ఒక కాగితం కూడా వచ్చింది. సదానందం సారు దాన్ని ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించుకున్నాడు. సంతకాలు, అంకెలు కలిస్తే చాలు, మనుషులు కలిసినట్టే మా శాఖలో. నేను కూడా అందులోదాన్నే.

డెబ్బై ఒకటి సంతోషి వాళ్ల నంబరు. ఏడో తరగతి, నా క్లాసు. జూన్‌లో గోలేటి నుంచి వచ్చి చేరింది. మేనమామ వేణుమాధవ్ మందమర్రిలో పని చేస్తాడు, ఆయనే తెచ్చి చేర్పించాడు. ఫారంలో తండ్రి పేరు వీరేందర్, తల్లి పేరు మమత. ఇక్కడ ఖాళీ అవుతున్న పాత క్వార్టర్ల వైపు ఒక ఇంటి నంబరు. సన్నటి పిల్ల, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. హోంవర్కు తప్పేది కాదు. ప్రోగ్రెసు కార్డు మీద 'మమత' అని గుండ్రటి సంతకం తెచ్చేది. డెబ్బై ఒకటో బిళ్ల ప్రతి మీటింగుకూ కదిలేది.

అందుకే జూలైలో నేనొక పని చేశాను. మీటింగులో అందరి ముందూ, "కొత్తగా వచ్చిన ఇల్లు, రెండు మీటింగులూ తప్పలేదు, సంతోషి వాళ్ల అమ్మను చూసి నేర్చుకోండి" అన్నాను. అందరూ తలలు తిప్పి వెనక్కి చూశారు. చివరి వరుసలో కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నీళ్లు తాగడానికి పోయిందేమో అనుకుని తర్వాతి మాటలోకి పోయాను.

ఆగస్టు నుంచి ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. నేను గమనించలేదు, మధ్యాహ్న భోజనం వండే సారలమ్మ చెప్పింది. మనుషులు నిలబడుతున్నారు గానీ ఆ కుర్చీని ముట్టుకోవడం లేదట. ఎవరో కూర్చోబోతే సంతోషి మెల్లగా వచ్చి, "గది మా అమ్మది. ఇప్పుడే లేచింది, వస్తది" అన్నదట. ఆ కూర్చోబోయినామె మీటింగు అయ్యేదాకా ఓరకంట చూస్తూనే ఉందట. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. అయినా బోర్డు దగ్గరికి వచ్చి చూసేసరికి డెబ్బై ఒకటి ఇల్లు మీదికి మారిపోయి ఉందట.

"గాలి సోకిన కుర్చీ లెక్క అయింది టీచర్" అంది సారలమ్మ, గొంతు తగ్గించి.

నాకు నవ్వొచ్చింది. సెప్టెంబరులో ఆ నవ్వు పోయింది. ఆ శనివారం సాయంత్రం మీటింగుకు ఇంకా గంట పైన ఉంది. పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. సాయమ్మ బోర్డుల పక్కన స్టూలు వేసుకుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది, నేను ఆమెతో మాట్లాడుతున్నాను. మూడుంబావుకు ఓపెన్ కాస్టు గనిలో రోజూ మందు పేల్చినట్టే పేల్చారు. కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. ఇల్లు బోర్డు మీది బిళ్లలన్నీ గలగలమన్నాయి. మేం అలవాటుగా మాట ఆపి, అవి సద్దుమణిగేదాకా ఆగాం. అన్నీ ఆగాయి. ఒక్కటి ఊగుతూనే ఉంది, ఇల్లు మీద కాదు, ఖాళీగా ఉండాల్సిన బడి బోర్డు మీద. డెబ్బై ఒకటి. అటూ ఇటూ, అటూ ఇటూ, ఇప్పుడే ఎవరో తగిలించి చెయ్యి తీసినట్టు.

వరండాలో మేం ఇద్దరమే ఉన్నాం. గేటు మూసి ఉంది.

"యేసయ్యా" అంది సాయమ్మ. కాసేపు ఆ బిళ్ల వైపే చూసి, తనకు తానే సర్దిచెప్పుకుంది. "ముందుగాలనే వచ్చినట్టున్నది తల్లి. నా కండ్లకు పొరలొచ్చినయి బిడ్డా, బిళ్లకు రాలె."

ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. మేం వరండాలోకి రాకముందే నీళ్ల కోసం అడిగి క్లాసులోంచి బయటికి వెళ్లిన పిల్ల ఎవరో నేను చూడలేదు. సాయమ్మకైతే ఆ ఆలోచన రావడానికే వీల్లేదు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముడతారని ఆమె ఇరవై నాలుగేళ్లలో కలలో కూడా అనుకోలేదు. ఆమెను తప్పు పట్టను. బాయి మనిషి అలాగే అనుకుంటుంది. నేను బాయి మనిషిని కాదు, నాకు ఆ సాకు కూడా లేదు.

నవంబరు మూడో శనివారం. పొద్దున మీటింగు నడుస్తుండగా సంతోషి ఒళ్లు కాలిపోతోందని పక్క పిల్ల వచ్చి చెప్పింది. పోయి నుదురు పట్టుకున్నాను, నిప్పులా ఉంది.

"మీ అమ్మ వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది టీచర్. బయట ఉన్నది. ఇంటికి తీసుకపోతది."

సరే అన్నాను. పదకొండింటికి ఆ పిల్ల సంచి తగిలించుకుని, గోడ పట్టుకుని నడుస్తూ పోయింది. మీటింగు మధ్యలో ఉందని నేను గుమ్మం దాకా కూడా పోలేదు.

ఆ రోజు ఒంటిపూట బడి, పన్నెండున్నరకు పిల్లలూ తల్లిదండ్రులూ వెళ్లిపోయారు. సాయమ్మ బోర్డుల దగ్గర నిలబడి పిలిచింది. బడి బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలింది.

"డెబ్బై ఒకటి లోపలున్నది" అంది.

"లేదవ్వా. పిల్లకు జ్వరమొస్తే తల్లి తీసుకుపోయింది. హడావిడిలో బిళ్ల మార్చడం మరిచిపోయి ఉంటుంది."

"నువ్వు జూసినవా, తీసుకపోంగ?"

"పిల్ల చెప్పింది."

"నువ్వు జూసినవా?"

చూడలేదు. ఆ మాట చెప్పేసరికి ఆమె మొహం మారిపోయింది. గేటుకు తాళం వెయ్యొద్దంది. బడంతా వెతకాలంది. మిట్టమధ్యాహ్నం, పిల్లలు లేని బడి, ఎండకు రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. గది గదికీ పోయాం. సాయమ్మ ప్రతి గుమ్మంలో నిలబడి, "మమతా, ఓ మమతా" అని పిలిచేది, ఆగి వినేది. మరుగుదొడ్ల తలుపులు తోసి చూసింది. బల్లల కింద వంగి చూసింది. ఆ పిలుపు ఖాళీ గదుల్లోంచి తిరిగి వచ్చేది. ఎవరైనా పలుకుతారేమోనని భయపడ్డాను, నిజం చెప్పాలంటే.

ఎవరూ పలకలేదు. అప్పుడు సాయమ్మ వంటగది దగ్గర గిన్నెలు తోముతున్న సారలమ్మను అడిగింది. "మమత ఎట్లుంటది? పొడుగా, పొట్టా?"

"నేను సూడలే అవ్వా" అంది సారలమ్మ.

వాచ్‌మన్ చూడలేదు. లెక్కల సారు చూడలేదు. సదానందం సారు రిజిస్టరు తెరిచి, "ఆరు మీటింగులు, ఆరు హాజర్లు, మన బడిలోనే మంచి పేరెంటు" అని చదివి, తలెత్తి, ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేకపోయాడు. సాయమ్మ నా వైపు తిరిగింది. నేను ఆరు నెలలు ఆమె సంతకం చూశాను. అందరి ముందు ఆమెను పొగిడాను. ఆమె నల్లగా ఉంటుందో ఎర్రగా ఉంటుందో నాకు తెలియదు. ఆ తల్లి మొహం చూసిన మనిషి మా బడిలో ఒక్కరూ లేరు.

మేనమామకు ఫోన్ చేశాను. కలవలేదు, డ్యూటీలో ఉన్నాడేమో.

"సాయంత్రం మీటింగయ్యాక పోదాం" అన్నాను.

"అసలు ఆ ఇంట్ల తల్లి ఉన్నదా లేదా? లేకపోతే గా జొరమొచ్చిన పిల్ల ఇప్పుడు ఎవలి దగ్గర పండుకున్నట్టు?" అంది సాయమ్మ. అప్పటికే చెప్పులు వేసుకుంది.

ఆ క్వార్టర్ల వైపు నేను అంతకుముందు పోలేదు. ఓపెన్ కాస్టు తవ్వకం ఇటు జరుగుతున్న కొద్దీ ఆ వరుసలు ఖాళీ చేస్తున్నారు. ఇంటివాళ్లు పోతూ పోతూ తలుపులు, కిటికీ రెక్కలు ఊడదీసుకుని పోయారు. వరుసకు పదహారు ఇళ్లు, పదహారు నల్లటి గుమ్మాలు. గోడల మీద పోయిన ఏడాది క్యాలెండర్లు ఇంకా ఉన్నాయి. ఒక ఇంట్లో దేవుడి గూట్లో పసుపు మరకలు, ఒక ఇంట్లో పిల్లల ఎత్తు కొలుస్తూ గీసిన పెన్సిలు గీతలు. దుమ్ము అంతటా సమంగా పరుచుకుని ఉంది. దాని మీద కుక్క అడుగులు కూడా లేవు. ఒకే ఒక్క జత చిన్న అడుగులు మాత్రం పోతున్నాయి, వస్తున్నాయి. పోతూ వస్తూ ఆ దారి గట్టిపడింది. పక్కన పెద్దవాళ్ల అడుగు ఎక్కడా లేదు.

సాయమ్మ ఆ అడుగులు చూస్తూ నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకుని నడిచాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ పట్టుకున్నాను.

ఆ అడుగులు చివరి వరుసలో తలుపున్న ఒక ఇంటి ముందు ఆగాయి. వాకిట్లో ముగ్గు ఉంది. ఆ ముగ్గును తొక్కిన గుర్తు లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. సాయమ్మ చెయ్యెత్తి తట్టబోయింది. తట్టకముందే లోపలి నుంచి ఆడగొంతు వినబడింది.

"రాండ్రి. తలుపు తీసే ఉన్నది."

ఒక గది, దాని వెనక వంటిల్లు. కింద చాప మీద సంతోషి దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది, నుదుటి మీద తడిగుడ్డ. మంచం మీద ఒకామె కూర్చుని ఉంది. తల దువ్వి, బొట్టు లేని మొహం కడుక్కుని, మడత నలగని చీర కట్టుకుని, ఒడిలో చేతిసంచి పెట్టుకుని, ఇప్పుడే ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"కూసోండ్రి టీచర్. కూసో అవ్వా. పిల్లకు జరంత నయమే, గోలి ఏసిన" అంది. మేం నోరు తెరిచేలోపే మళ్లీ తనే అంది. "పొద్దుగాల మీటింగు మంచిగ జరిగింది గద. లెక్కల సారు పరీక్షలు దగ్గరికొచ్చినయి, పిల్లలకు ఫోన్లియ్యకుండ్రి అన్నడు. నడుమల ఫ్యాను కిర్రుకిర్రుమంటే పెద్దసారు బంద్ చేయించిండు. మీరు గీ నీలి చీరే కట్టుకున్నరు. కొంగుకు సుద్ద అంటింది టీచర్, ఇంక దులుపుకోలేదు?"

నేను కొంగు చూసుకున్నాను. సుద్ద మరక అలాగే ఉంది.

"అవ్వ ముందు వరుసల కూసున్నది, ఎర్ర సంచి పెట్టుకోని" అందామె. "పదకొండింటిదాక విన్న. అటెన్క తలకాయ నొచ్చి లేచి వచ్చిన."

చివరి కుర్చీలో ఎవరూ లేరని నాకు తెలుసు. నా కళ్లతో చూశాను. అయినా ఆ క్షణంలో, ఈమె అక్కడ కూర్చునే ఉందేమో, మాకే కనబడలేదేమో అనిపించింది. సాయమ్మ వైపు చూశాను. ఆమె మమత మొహం చూడడం లేదు. మంచం కింద జతగా పెట్టిన చెప్పులు చూస్తోంది. వంగి ఒక చెప్పు తీసి తిప్పింది. మా ఊళ్లో పొద్దున ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి నల్లబడుతుంది. ఆ చెప్పు అడుగున మాత్రం అంగడిలో కొన్ననాటి తెలుపు అలాగే ఉంది.

సాయమ్మ చెప్పును ఉన్నచోటే పెట్టి, మంచం పక్కన కింద కూర్చుంది.

"బిడ్డా, నువ్వు బడికి రాలె" అంది మెల్లగా.

మమత చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"రాలె" అంది. "గోలేటిల ఉన్నప్పుడు ఒక పొద్దుగాల పాల ప్యాకెటు తెమ్మని మా ఆయన్ని నేనే లేపి పంపిన. గడప దాటిండు. గంటకు మనుషులొచ్చి చెప్పిండ్రు, రోడ్డు మీద లారీ గుద్దిందని. రెండేండ్లాయె. అప్పటి సంది నా కాలు గడప దాటది అవ్వా. ఇక్కడికి గూడ మా అన్న నా మీద చాదర్ కప్పి ఆటోల ఎక్కించుకొచ్చిండు. నెలకోపారి వచ్చి బియ్యం ఏసిపోతడు. మూడో శనివారం వచ్చిందంటే నేను తయారైత. చీర కట్టుకుంట, సంచి పట్టుకుంట, గడప దాక పోత. గక్కడ గుండె ఆగినట్టయితది. ఎన్కకు వచ్చి గిట్ల కూసుంట."

"మరి పిల్ల?"

"వాకిట్ల ముగ్గు అదే పెడ్తది, బడికి అదే పోయొస్తది. బిళ్ల గూడ అదే ఏస్తదట, నువ్వు వచ్చినట్టే అమ్మా అని. మీటింగంత కిటికీల కెళ్లి చూసి, ఇంటికొచ్చినంక మొత్తం చెప్తది. ఎవలేం కట్టుకున్నరు, ఎవలు నవ్విండ్రు, ఎవలు తిట్టు తిన్నరు. కండ్లు మూసుకోని వింట. వింటాంటే నేనే పోయొచ్చినట్టుంటది. ఈరోజు జొరంల గూడ చెప్పే పండుకున్నది."

నాకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్ల పిల్ల తల్లిని బడికి తీసుకొస్తోంది, బడిని తల్లికి మోసుకెళుతోంది. మధ్యలో మేం ఫోటోలు దిగాం. పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఇంటికి, బిళ్ల కదులుతోంది కదా అని, ఒక్కరం రాలేదు. తలుపులేని ఇళ్ల మధ్య ఈ ఇద్దరూ రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నారో అని ఇప్పుడు తోచింది.

"గొళ్లెం అన్న పెట్టుకోవద్దా బిడ్డా, ఇసొంటి జాగల?" అంది సాయమ్మ.

మమత మొదటిసారి నవ్వింది. నవ్వితే సంతోషిలాగే ఉంది.

"నీ కోసమే పెడ్తలేను అవ్వా. ప్రతి మీటింగుల నువ్వు నా గురించి అడుగుతవట గద. మమత రాలేదేంది, పానం మంచిగ లేదా, నేనే ఒకనాడు ఇంటికొచ్చి చూస్త అంటవట. పిల్ల చెప్తది. నువ్వొచ్చి తట్టినప్పుడు నేను లేచి రాలేకపోతే ఎన్కకు పోతవేమోనని జూన్ సంది తలుపు దగ్గరికేసే ఉంచిన. నన్ను అడిగే మనిషి గీ ఊళ్లె ఒక్కరున్నరని ధైర్యముండె."

సాయమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ అడగలేదు. బడిలో ఎవరమూ అడగలేదు.

అవునని ఊరుకుంటే సరిపోయేది. నేనైతే అలాగే చేసేదాన్ని. సాయమ్మ మమత రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అడగలె బిడ్డా. ఒక్కపారి గూడ అడగలె" అంది.

బయట ఖాళీ వరుసలో గాలి గుమ్మం గుమ్మంలోకీ దూరి వస్తున్న చప్పుడు వినబడింది. మమత చేతులు వెనక్కి తీసుకోలేదు. చాప మీద నిద్రపోతున్న పిల్ల వైపు చూసింది, మా వైపు చూసింది, పిల్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"అడగలేదని నాకు చెప్పినట్టు దానికి తెల్వనియ్యకుండ్రి" అంది.